చావు కబురు మోసేవాళ్ళు

నర్సులకు గుండె గట్టిపడి వుంటుందనీ, చావులు చూసి చూసి వాళ్ళకు కన్నీళ్ళు యింకిపోతాయనీ మనలో చాలామందికి ఒక నమ్మకం వుంది. చదువుకోనివాళ్ళకే కాదు, చదువుకున్నవాళ్ళకూ వుంది. కరుణరసం పాఠం చెప్పి జీతం తీసుకునే నాకూ వుండేది. అది తప్పని తెలియటానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళ కథలో నేను సిగ్గుపడవలసిన భాగం ఒకటి వుంది గనక దాన్నే ముందు చెప్పేస్తాను.

2021 మే నెలలో మా నాయన కరోనాతో ఒక పెద్దవూరి ఆసుపత్రిలో, ఐ.సి.యు.లో, చనిపోయాడు. ఆసుపత్రి పేరుతో యిక్కడ పని లేదు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. తొమ్మిది రోజులు బయట వేపచెట్టు కింద కూచున్నాం. పదోనాడు తెల్లవారుజామున ఫోను మోగింది. ఒక ఆడమనిషి గొంతు. నాయన పేరు చెప్పి, "వాళ్ళబ్బాయేనా సార్?" అని అడిగి, మూడూ యాభైకి ప్రాణం పోయిందని చెప్పింది. ఆ గొంతులో వణుకు లేదు, తడి లేదు. స్టేషన్లో రైలు ఆలస్యమని చెప్పే గొంతులాగా వుంది. నేను కేకలు వేశాను. "నీకు గుండె లేదా? మీ నాన్నయితే యిట్లాగే చెబుతావా?" అన్నాను. యింకా అన్నాను, అవి రాయను. ఆమె నన్ను మధ్యలో ఆపలేదు. నేను ఆగిన తర్వాత, "ఆయన ఒక్కరే లేరు సార్. నేను పక్కనే వున్నాను" అన్నది. ఆ మాట నా చెవిన పడింది గాని మనసుకు పట్టలేదు. ఫోను పెట్టేశాను.

యిప్పుడు ఆలోచిస్తే ఒకటి తోస్తుంది. అంత కోపం వచ్చినప్పుడు మనిషికి యెదురుగా ఒక మనిషి కావాలి. మంచాలు లేకుండా చేసినవాడూ, మందులు దాచినవాడూ, బిల్లు వేసినవాడూ నాకు దొరకరు. వాళ్ళకు గొంతు లేదు. గొంతు వున్నది ఆ నర్సుకే. అందుకని ఆమె నాకు దొరికింది.

మాది దొనకొండ. గుంటూరు నుంచి నంద్యాలకు పోయే దారిలో, కురిచేడు దాటాక వస్తుంది. మీటరుగేజి రోజుల్లో యిక్కడ లోకోషెడ్డు వుండేది, రైల్వే క్వార్టర్ల నిండా మనుషులుండేవాళ్ళు. బ్రాడ్‌గేజి వచ్చి ఆ వైభవం పోయింది. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల మైదానం యిప్పటికీ చిల్లచెట్ల మధ్య పడివుంది. 2014లో రాజధాని యిక్కడికే వస్తుందని పుకారు లేచి, రాళ్ళు తప్ప ఏమీ పండని చేలకు కూడా లక్షలు పలికాయి. రాజధాని రాలేదు. ఐ.సి.యు. కూడా రాలేదు. గుండె పట్టుకున్నవాణ్ణి మార్కాపురమో ఒంగోలో గుంటూరో తీసుకుపోవలసిందే. ఆ గుంటూరులో మా పెద్దమ్మ కూతురు ఐ.సి.యు. నర్సు. ఆ పని మొదలుపెట్టి పదిహేనేళ్ళు దాటింది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నేను ఫోనులో చేసిన నిర్వాకం ఆమెకు చెప్పలేదు. చెప్పటానికి మొహం చెల్లలేదు.

2023 వేసవిలో మా పల్లెలో ఒక ముసలమ్మ పోయింది. వరసకు అవ్వ అవుతుంది గాని దగ్గిర చుట్టం కాదు. అక్క సెలవు మీద వచ్చి వుంది. శవం దగ్గర కూచుని అది ఏడ్చిన యేడుపు నేను యింతవరకూ యెక్కడా చూడలేదు. ముసలమ్మ కూతుళ్ళు యేడుపు ఆపి దీన్ని పట్టుకోవలసి వచ్చింది. గొంతు పూడిపోయింది. "దీనికి ఆ ముసల్ది ఏమయిద్దని యింతగా యేడస్తంది?" అని ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. నాకూ అదే అనుమానం వచ్చింది. రాత్రి మిద్దెమీద చాప వేసుకుని పడుకున్నప్పుడు అడిగాను.

"ఆమె కోసం గాదులేరా," అన్నది అక్క. "యీ నెల్లో మా దగ్గిర నలుగురు పోయారు. ఒకడు యిరవైరెండేళ్ళోడు, బండి మీంచి పడ్డాడు. వాళ్ళ దగ్గిర యేడవటానికి కుదర్లా. ఆడ నేనేడిస్తే పక్క మంచం ఆయన చూస్తా వుంటాడు. నోట్లో గొట్టం, మాట రాదు, కళ్ళు మాత్రం నా మీదనే వుంటయి. నేను యేడిస్తే ఆయన బతకడు. అందుకని బాకీ పెట్టుకుంటా. యీడ యెవరన్నా పోతే తీర్చుకుంటా."

ఆ రాత్రి తర్వాత ఆమె వూరికి వచ్చినప్పుడల్లా అడిగి తెలుసుకున్నాను. ఐ.సి.యు.లో చావంటే ఏమిటో మనకు తెలియదు. సినిమాలో చూపించినట్టు తెరమీద గీత సాఫుగా పోవటం, డాక్టరు తలవంచుకుని బయటికి రావటం, అంతవరకే మనకు తెలుసు. అసలు పని అక్కడనుంచే మొదలవుతుంది. ఛాతీ నొక్కటం ఆపేస్తారు. గుండె పలకటం లేదనటానికి సాక్ష్యంగా ఇ.సి.జి. కాగితం తీసి దస్త్రంలో పెడతారు. డాక్టరు టైము చెబుతాడు, నర్సు రాస్తుంది. అప్పటిదాకా నొక్కిన చేతులు వణుకుతూనే వుంటాయట. ఆ అక్షరాలు కోడిగీతల్లా వుంటాయని నవ్వింది. తర్వాత గొట్టాలు తియ్యాలి. పోలీసు కేసయితే తియ్యకూడదు. మొహం మీద ప్లాస్టరు మరకలు వూడేదాకా తుడవాలి. కళ్ళు మూయాలి, దవడ కట్టాలి, కాళ్ళ బొటనవేళ్ళు కట్టాలి, వొంటికి చీటీ కట్టాలి. యింటివాళ్ళు చూసేటప్పటికి మనిషి నిద్రపోయినట్టుండాలి. వాళ్ళు వస్తారు, యేడుస్తారు, ఒక్కోసారి తిడతారు, ఒక్కోసారి కొడతారు. శవం వెళ్ళిపోతుంది. మంచం మందునీళ్ళతో కడుగుతారు. గంట తిరిగేలోగా ఆ మంచం మీదికి యింకో మనిషి వస్తాడు. యింతలో మిగిలిన మంచాల దగ్గర పంపులు మోగుతూనే వుంటాయి.

"తుడిచేటప్పుడు పేరు పెట్టి మాట్లాడతా," అన్నది అక్క. "యిటు తిరుగు పెద్దాయనా, అయిపోయింది, అంటా. కొత్తపిల్లలు నవ్వుతారు. ఆర్నెల్లకు వాళ్ళూ అంటారు."

నేను తెలుసుకున్నంతలో నర్సులకు దుఃఖాన్ని భరించే సాధనం యేదన్నా వుంటే అది మొదట యీ చేతిపనే. యెందుకంటే అక్కడ మిగతావన్నీ ఓడిపోయాయి. మందు ఓడింది, యంత్రం ఓడింది. శుభ్రంగా తుడవటం ఒక్కటే చేస్తే అయ్యే పని. అసలు ఐ.సి.యు. పుట్టిందే చేతుల్లోంచి. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగెన్‌లో పోలియో విరుచుకుపడి, పిల్లలకు వూపిరి కండరాలు పడిపోతూ వుంటే, వాళ్ళందరికీ చాలినన్ని యంత్రాలు లేవు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే డాక్టరు గొంతుకు రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు తిత్తిని చేత్తో నొక్కి వూపిరి ఆడించవచ్చునని చూపించాడు. పదిహేను వందలమంది దాకా వైద్యవిద్యార్థులు వంతులవారీగా కూచుని, నెలల తరబడి, రాత్రింబవళ్ళు ఆ తిత్తులు నొక్కారు. చాలామంది బతికారు. బతకనివాళ్ళు ఆ విద్యార్థుల చేతుల్లోనే పోయారు. యిది చదివినప్పుడు నాకు ఆ రబ్బరు తిత్తి కంటే ఆ విద్యార్థులమీదే ధ్యాస పోయింది. వంతు అయిపోయి గదికి వెళ్ళినవాడు ఆ రాత్రి ఏం చేసి వుంటాడు?

రెండో సాధనం అంత అందమైనది కాదు. "మూడు అయిపోయింది, ఐదుకు డయాలిసిస్ వుంది" అని నర్సులు డ్యూటీ మారేటప్పుడు చెప్పుకుంటారు. మూడంటే మూడో నంబరు మంచం, అంటే ఒక మనిషి. మొదటిసారి విన్నప్పుడు నాకు వొళ్ళు మండింది. కాని దీని వెనక ఒక లెక్క వుంది. 1960లో ఇసబెల్ మెంజీస్ అనే మనస్తత్వ పరిశోధకురాలు లండన్‌లో ఒక పెద్ద ఆసుపత్రి నర్సుల పద్ధతులు పరిశీలించి రాసింది. రోగిని పేరుతో కాక మంచం నంబరుతోనో, చెడిపోయిన అవయవంతోనో పిలవటం, ఒక రోగి పనిని పదిమంది నర్సులకు పంచటం, పద్ధతులను తంతులాగా పాటించటం — యివన్నీ నర్సుల రాతిగుండెకు నిదర్శనాలు కావనీ, భయాన్నీ దుఃఖాన్నీ తట్టుకోవటానికి ఆసుపత్రి అనే వ్యవస్థ కట్టుకున్న గోడలనీ ఆమె చెప్పింది. అంతటితో ఆగలేదు. ఆ గోడలవల్ల భయం తగ్గదనీ, మనిషిని మనిషిగా చూడటంలో వుండే తృప్తి కూడా పోయి, బాగా పనిచెయ్యగల పిల్లలే వుద్యోగం వొదిలి వెళ్ళిపోతారనీ కూడా చెప్పింది. అరవై యేళ్ళు దాటినా ఆ మాటలు మన వూళ్ళకు సరిపోతున్నాయి.

యిక నా వృత్తి సంగతి. కరుణరసానికి శోకం స్థాయి అని నేను యేటా చెబుతాను. కరుణమొక్కటే రసమన్న భవభూతిని చెబుతాను. తిక్కన స్త్రీపర్వం చెప్పేటప్పుడు తరగతిలో నిశ్శబ్దం వస్తుంది; అది నాకు గర్వంగా వుండేది. గాంధారి కురుక్షేత్రంలో కొడుకుల శవాల మధ్య తిరుగుతుంది, ప్రతి శవం దగ్గరా విలపిస్తుంది. ఆ తర్వాత ధర్మరాజు ఆజ్ఞమీద విదురుడూ ధౌమ్యుడూ మొదలైనవాళ్ళు చితులు పేర్పించి దహనం చేయించారని కథ. అక్కతో మాట్లాడిన యేడు ఆ పాఠం చెబుతూ "పేర్పించారు" అన్నచోట ఆగిపోయాను. వ్యాకరణంలో దాన్ని ప్రేరణార్థకమంటాం. పేర్పించినవాళ్ళ పేర్లున్నాయి. పేర్చినవాళ్ళెవరు? కుక్కలు లాగిన వొళ్ళు యెత్తి, నెత్తురు తుడిచిన చేతులెవరివి? వాళ్ళకు రాత్రి నిద్ర పట్టిందా? మన అలంకారశాస్త్రంలో యేడ్చేవాడికి చోటుంది, ఆ యేడుపు చూసి రసం అనుభవించే సహృదయుడికి చోటుంది. శవాన్ని కడిగినవాడికి మాత్రం చోటు లేదు.

పాత సాహిత్యాన్ని అని ప్రయోజనం లేదు, మనమూ అంతే. కూలీని రాశాం, రైతును రాశాం, గనికార్మికుణ్ణి రాశాం. నర్సును మాత్రం మన కథల్లో తరచు దేవతగానో, డాక్టరుగారి ప్రేమకథలో తెల్లబట్టల అమ్మాయిగానో మాత్రమే చూశాం. దేవత అనటం గౌరవమని మన వుద్దేశం. కాని దేవతకు జీతం పెంచనక్కర్లేదు, రాత్రి డ్యూటీ తర్వాత సెలవు యివ్వనక్కర్లేదు, దేవతకు దుఃఖమూ వుండదు.

శవాల పని యెవరి వంతో మా పల్లెకు బాగా తెలుసు. మా తాత వూరి వెట్టి. వూళ్ళో రైతు పోతే చుట్టాల వూళ్ళకు నడిచి వెళ్ళి కబురు చెప్పి రావటం ఆయన పని. పొదిలికీ దర్శికీ, ఒకసారి గిద్దలూరు దాకా కూడా పోయాడట. కబురు చెప్పేటప్పుడు యేడవకూడదు. దుఃఖం వాళ్ళది, ఆయనది కాదు. అరుగు కింద నిలబడి, మామూలు గొంతుతో, ఫలానావారు ఫలానా జాముకు పోయారు అని చెప్పాలి. ఆ దెబ్బకు వాళ్ళు యీయన్నే తిట్టటం కూడా కద్దు. చెప్పి, వాళ్ళు పోసిన నీళ్ళు దోసిట్లో తాగి తిరిగి రావాలి. 1876-78 కరువు తర్వాత ఒంగోలు చుట్టుపట్ల పల్లెలు వేల సంఖ్యలో బాప్టిస్టు మిషన్‌లో కలిశాయి. ఆ మిషన్ల బళ్ళూ ఆసుపత్రుల ద్వారానే మా ఆడపిల్లలకు నర్సు పని తెలిసింది. రోగిని ముట్టుకోవటం, మలం యెత్తటం, శవాన్ని కడగటం తక్కువ పని అని పైకులాలు చాలాకాలం తమ ఆడపిల్లల్ని దానికి పంపలేదు. యిప్పుడు అన్ని కులాల పిల్లలూ చదువుతున్నారు, మంచిదే. అయినా ఆ పనిమీద పడిన పాత నీడ పూర్తిగా తొలగలేదు. నేను ఆనాడు ఫోనులో విన్న గొంతు, తడి లేని ఆ గొంతు, మా తాత గొంతే. దాన్ని గుర్తుపట్టవలసినవాణ్ణి నేనే. నేను గుర్తుపట్టలేదు. అరుగుమీది మనిషిలాగా మాట్లాడాను.

యిట్లా ఆలోచిస్తూ వచ్చి, నర్సుల దుఃఖానికంతా మూలం ఆర్థికమేనని అక్కకు ఒక సిద్ధాంతం చెప్పాను. నా దగ్గర సాక్ష్యాలు లేకపోలేదు. వెంటిలేటరు మీద వున్న ఒక్కో రోగికి ఒక్కో నర్సు వుండాలని నియమం; అక్క చేతికింద ముగ్గురుంటారు, కొన్ని రాత్రులు నలుగురు. ప్రైవేటు నర్సుల జీతాల గురించి 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మీద వేసిన సంఘం, యాభై మంచాల లోపు ఆసుపత్రిలోనైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని చెప్పింది. ఆ అంకె యిప్పటికీ అందనివాళ్ళు అక్క స్నేహితుల్లోనే వున్నారు. 2020 మార్చి 22న దేశమంతా పళ్ళేలు మోగించారు, మే 3న ఆసుపత్రుల మీద హెలికాప్టర్లతో పూలు చల్లారు. "పూలు మా మీద పడలా," అన్నది అక్క, "మేం లోపలున్నాం గదా."

నా సిద్ధాంతం విని అక్కకు కోపం వచ్చింది.

"మీరన్నీ జీతంలోకి లాగుతారేందిరా? రెట్టింపు జీతమిచ్చినా ఆ యిరవైరెండేళ్ళోడు పోతే నాకు దుఃఖం రాదా? ఒక్కడికి ఒక్కదాన్ని వున్నా పోయేవాడు పోతాడు. నువ్వు చెప్పేది వేరే సంగతి. దాంట్లో దీన్ని కలపబాక."

కలపవద్దన్న ఆ మాట నన్ను చాలా రోజులు కుదురుగా వుండనివ్వలేదు. మార్క్సిస్టు అయినవాడు చావును కూడా యెవరో చేసిన కుట్ర అనుకుంటే అది భౌతికవాదం కాదు, ఒక రకం భక్తి. చెయ్యవలసిందంతా చేసినా మనిషి పోవటం ఒకటి; చెయ్యవలసింది తెలిసి, చెయ్యటానికి వీలు లేక మనిషి పోవటం మరొకటి. మొదటి దుఃఖం యేడిస్తే కొంత తీరుతుంది. రెండోది తీరదు. 1984లో ఆండ్రూ జేమ్‌టన్ అనే అమెరికన్ తాత్వికుడు నర్సుల వృత్తినీతి మీద రాస్తూ యీ రెండోదానికి ఒక పేరు పెట్టాడు. ఏది సరైనదో తెలిసీ సంస్థ కట్టుబాట్లవల్ల చెయ్యలేకపోయినవాడి నైతికవేదన అది. అలిసిపోవటం వేరు, జాలిపడి కుంగటం వేరు, యిది వేరు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా ఆగి, ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారమే పదకొండుమంది పోయారు. ఆ గదుల్లో పరుగెత్తుతూ ఛాతీలు నొక్కిన నర్సులకు చేతకాకపోవటం అంటూ ఏమీ లేదు. లేనిది గాలి. వాళ్ళకు యేడవమని చెబుదామా, ధ్యానం చేసుకోమని చెబుదామా? 2020 జూలై ఆఖర్లో, లాక్‌డౌన్‌లో సారాదుకాణాలు మూసినప్పుడు, మా పక్కనున్న కురిచేడులో పదిమందికి పైగా శానిటైజరు తాగి చనిపోయారు. కొందరు ఆసుపత్రి చేరకముందే పోయారు. మార్కాపురంలో తలపెట్టిన ప్రభుత్వ వైద్యకళాశాలను 2025లో ప్రైవేటు భాగస్వామ్యానికి యిచ్చే జాబితాలో చేర్చారు. యిక్కడినుంచి గుంటూరుకు పోయేలోగా పాడైపోయిన మనిషి అక్క చేతుల్లోకి వస్తాడు. "గంట ముందొస్తే" అన్న మాట ఆమె నోట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. అది దుఃఖం కాదు. అందులో కోపం పాలే యెక్కువ.

ఆసుపత్రుల యాజమాన్యాలు యిప్పుడు నర్సులకు మానసిక దృఢత్వం మీద ఉపన్యాసాలు పెట్టిస్తున్నాయి. అక్క ఒకదానికి వెళ్ళింది, రాత్రి డ్యూటీ దిగి. శ్వాసమీద ధ్యాస పెట్టమన్నారట, పెట్టి నిద్రపోయిందట. అన్నీ యింత హాస్యాస్పదం అనను. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం ఆసుపత్రిలో జొనాథన్ బార్టెల్స్ అనే నర్సు ఒక ఆచారం మొదలుపెట్టాడు. రోగి పోగానే డాక్టర్లూ నర్సులూ అందరూ ఆ మంచం చుట్టూ నిమిషంపాటు మౌనంగా నిలబడతారు. మంత్రాలు లేవు, ప్రార్థన లేదు. అది చాలా దేశాలకు పాకింది. నాకు నచ్చి అక్కకు చెప్పాను. అక్క ప్రార్థన చేసుకునే మనిషి, నేను కాదు. ఆ తగాదా మాకు పాతది. ఆమెకూ నచ్చింది. కాసేపాగి, "ఆ నిమిషం యెవురిస్తార్రా? నేను నిలబడితే అయిదో నంబరు పంపు మోగుద్ది. దాన్ని చూసుకోను యింకో మనిషి వుండాలిగా," అన్నది. మౌనం పాటించటానికి కూడా మనుషులు కావాలన్నమాట. అక్కడ మాత్రం దుఃఖాన్నీ జీతాన్నీ ఆమే కలిపింది. నేను కలపలేదు.

2024 క్రిస్మస్‌కు అక్క వచ్చినప్పుడు నాయన సంగతి చెప్పాను. నేను ఫోనులో అన్న మాటలన్నీ, యిక్కడ రాయనివి కూడా, చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఆ పిల్ల ఏమన్నదిరా?"

"ఆయన ఒక్కరే లేరు సార్, నేను పక్కనే వున్నానన్నది."

అక్క చాలాసేపు మాట్లాడలేదు. చేతిలో వున్న చిక్కుడుకాయలు యీనెలు తీస్తూ కూచుంది.

"ఆ మాట అందరికీ చెప్పంరా," అన్నది చివరికి. "వుంటేనే చెప్తాం. ముగ్గుర్ని చూసుకునేటప్పుడు ఒకడి పక్కన నిలబడ్డం యెట్లుంటదో నీకు తెలవదు. లేకుండా వున్నామని చెప్పామనుకో, యింటికి పోయి అన్నం తినలేం. మీ నాయన చెయ్యి పట్టుకునే వుంటది ఆ పిల్ల."

ఆ తెల్లవారుజామున వచ్చిన ఫోను నంబరు నా దగ్గర యింకా వుంది. నాయన పేరు కిందనే దాచుకున్నాను. అక్క గుంటూరు రైలు యెక్కిన సాయంత్రం, ప్లాట్‌ఫారం చివరన నిలబడి ఆ నంబరుకు ఫోను చేశాను. ఆ అమ్మాయి యిప్పటికీ అక్కడే వుంటుందని కాదు. రెండుసార్లు మోగింది. యెవరో తీశారు. వెనకనుంచి పంపుల మోత వినిపిస్తూ వుంది.

"ఐ.సి.యు. చెప్పండి. ఏ నంబరు బెడ్డు సార్?"

ఆ పది రోజుల్లో మా నాయన ఏ నంబరు మంచం మీద వున్నాడో నేను యెవర్నీ అడగలేదు. "సార్, వున్నారా? ఏ బెడ్డు?" అని ఆమె మళ్ళీ అడిగింది.